కాళ్లకి పెట్టిన నీళ్లు

1954 వేసవి, మిట్టమధ్యాహ్నం. రెడ్డిగూడెం నుంచి కుక్కతో నడిచొచ్చిన ఒకాయన తిరువూరులో ఓ ఇంటి ముందు ఆగాడు. ఆ ఇంటి కోడలికి వరసకి బాబాయి.

"కుక్క కనపడగానే నాన్నొచ్చాడనుకుని కాళ్లకి నీళ్లు పెట్టా బాబాయ్. వెనకాల వస్తున్నాడా?"

"లేదమ్మా. నేనూ, ఇదీ వచ్చాం."

"ఇంత ఎండలో నడిచా? బస్సెక్కకపోయావా?"

"ఇది వెంటపడింది. బస్సులో దీన్ని ఎక్కనివ్వరుగా. రాయి విసిరినా వెనక్కి పోలా."

"నెలనెలా నాన్నతో వస్తుందిగా, దారి అలవాటే."

"అవును. మీ నాన్న చుట్ట కాల్చుకోడానికి ఆగే చోటల్లా ఆగింది. మామిడితోట దగ్గర కూర్చుని ఎంతసేపటికీ లేవలా."

"లోపలికి రా. మజ్జిగిస్తా."

"వద్దమ్మా."

"మంచినీళ్లన్నా తాగు. ఎండనపడి వచ్చి అక్కడే నిలబడ్డావేం?"

"ఇలాంటి కబురు తెచ్చినవాడు గడప దాటకూడదమ్మా. నీళ్లూ ముట్టకూడదు."

"ఎప్పుడు పోయాడు?"

"నిన్న పొద్దుగూకేవేళ. చేలోంచి వచ్చి అరుగు మీద పడుకున్నాడు, మళ్లీ లేవలా. నీకోసమే ఆపి ఉంచారు. బయల్దేరమ్మా."

"వస్తా. బియ్యం పొయ్యి మీదున్నాయి, దించేసి వస్తా."

"సరేనమ్మా."

"బాబాయ్."

"ఏంటమ్మా?"

"నాన్నకి పెట్టిన నీళ్లు చెంబులో అలాగే ఉన్నాయి. కుక్క తాగొచ్చుగా?"