బతికున్న మొగుడికి శోకం పెట్టిన చెంచమ్మ

చెంచమ్మ ఉంది గదా, మన పెదరాయికట్ట చెంచమ్మ, ఆమె ఏడిస్తే చచ్చినోడితో తగువున్నోళ్ళు గూడా కండవా అడ్డం పెట్టుకుని ఏడవాల్సిందే. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవురు పోయినా పాడె కట్టేవాడికంటే ముందు ఆమెకి కబురు. పోయేది, తలకాడ కూచునేది, కొంగు మొహాన కప్పుకునేది, ఎత్తుకునేది శోకం. ఊరికే ఓ అని మొత్తుకోవటం అనుకుంటున్నారేమో, కాదు. దానికో దోవుంది. ముందు పేరు పెట్టాలి. పేరు, ఊరు, తల్లి పేరు, పొలంలో వాడు చేసిన పని, అన్నీ చెప్పి ఫలానా వాడివి పోతివే అనాలి. అది పొగడ్త. ఆ తర్వాత నిష్ఠూరం. బతికుండగా ఎవురికేం అన్యాయం చేశాడో అది గూడా అక్కడే కడిగేసిద్ది. శోకంలో అన్న మాటకి ఎవురూ తప్పు పట్టగూడదు, అది కట్టు. చివర్న బిడ్డల్ని పేరుపేరునా పిలవటం. ముందు పోయిన బిడ్డలుంటే వాళ్ళని గూడా పిలిచి, ఎదురొచ్చి మీ నాయన్ని తీసకపొండమ్మా అంటది. ఇంత చేసి పైసా తీసుకునేది కాదు. పెద్దకర్మ నాడు రవికగుడ్డ పెడితే కళ్ళకద్దుకుని ఇంటికొచ్చేది, అంతే.

అట్టాంటి చెంచమ్మకి ఏమైందంటే, ఆమె బర్రె చచ్చింది. గౌరి అని పేరు. పొద్దున లేచి చూస్తే కొట్టంలో కాళ్ళు చాపి పడుంది. ఇంకేముంది, దాని తలకాడ కూచుని ఎత్తుకుంది. పూటకి మూడు సేర్లిచ్చి ఒక్కనాడు కాలెత్తకపోతివే, మా ఆయన కసిరినా చెవులూపి ఊరుకుంటివే, ఆయన నీ పెరుగన్నం తిని ఒక్కసారన్నా నీ మొహం చూడకపోయెనే అని. కోడలు భార్గవి ఒకతుందిలే, ఒంగోల్లో డిగ్రీ చదివిన పిల్ల, ఆ పిల్ల తలుపు చాటున నిలబడి ఫోనులో వీడియో తీసిందంట. తీసి ఊరుకుందా, లోకం మీదకి వదిలింది. చెంచమ్మకి తెలవదు. వారం తిరక్కముందే బస్సులో ఎవురో అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, మీ గౌరి పోయిందని మేం హాస్టల్లో అన్నం తినలేదాంటీ అందంట.  నా బర్రె పేరు నీకెవరు చెప్పారే అని చెంచమ్మ బస్సు దిగిందాకా అడగతానే ఉందంట.

ఇంటికొచ్చి కోడల్ని నిలదీసింది. భార్గవి ఫోను చూపించింది. నాలుగు లక్షల మంది చూశారత్తా అంది. నాలుగు లక్షలంటే ఎంతమందే అంది చెంచమ్మ. మన జిల్లా తిరనాళ్ళన్నీ కలిపినా అంతమంది రారత్తా అంది. చెంచమ్మ గబగబా కొంగు సర్దుకుంది, అంతమంది ముందు నేను కొంగు జారిన సంగతే చూసుకోలేదే అని. అదీ ఆమె బాధ. తర్వాత మెల్లగా అలవాటైందనుకో. గ్యాస్ బండ అయిపోతే దానికో శోకం, కరెంటు బిల్లొస్తే దానికో శోకం, కొత్త చెప్పు తెగితే దానికో శోకం. 'చెంచమ్మ శోకాలు' అని భార్గవి ఓ పేజీ పెట్టింది. దాని వెంటబడి చూసేవాళ్ళని ఫాలోవర్లంటారంట, వాళ్ళు లక్ష దాటారు. లక్ష దాటితే కంపెనీలోళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఫోను చేస్తారంట, మా సరుకు గురించి ఓ ముక్క చెప్పు, డబ్బులిస్తాం అని. నాకూ ఇప్పుడే తెలిసింది, నా మొహం వంక అట్టా చూడబాకండి.

మొదటి ఫోను ఒక పాలసీల కంపెనీ నించొచ్చింది. పేరెందుకులే మనకి. ఆ అబ్బాయి చెప్పిందేందంటే, ఒక మగమనిషి చచ్చిపడుంటాడు, మీ అత్త ఏడవాలి, పాలసీ కట్టకుండా పోతివే అని రెండుసార్లు అనాలి, ఇరవై వేలిస్తాం అని. చెంచమ్మ నమ్మలేదు. ఏడిచినందుకు ఇరవై వేలా అంది. వాడికి మతి ఉందా అంది. కానీ చూడండి, ముప్పైయేళ్ళు నాలుగూళ్ళకి ఏడిచిన మనిషి, తన చేతిలో తన రూపాయి అనేది ఎన్నడూ ఎరగదు. ఏది కొనాలన్నా మొగుడు మాలకొండయ్య బొడ్లో సంచీ విప్పాలి. సరే అంది.

ఇప్పుడు శవం కావాలి గదా. ఊళ్ళో ఏ మగాడు ఒప్పుకుంటాడు, చెప్పండి. భార్గవి ఓ దిండుకి పంచె చుట్టి పడుకోబెట్టి, రాజేషు అనుకో అత్తా, కంపెనీవాళ్ళు ఆ పేరే రాశారు అంది. చెంచమ్మ కూచుంది, కొంగు కప్పుకుంది, నోరు తెరిచింది. రాలేదు. మళ్ళీ తెరిచింది, రాలేదు. రాజేషంటే ఎవురే, వాడి తల్లెవరు, వాడిదే ఊరు, ఏ పని చేసేవాడు అని అడిగింది. అదంతా లేదత్తా, ఉత్త రాజేషే అంది భార్గవి. ఉత్త రాజేషుకి కన్నీళ్ళెట్టొస్తయ్యే అంది చెంచమ్మ. మూడుసార్లు తీశారంట, ఒక్క చుక్క రాలేదు.

మంచం మీద పడుకుని ఇదంతా చూస్తా నవ్వుతున్నాడు మాలకొండయ్య. లేచి, దిండు పక్కకి నెట్టి, తనే చాప మీద పడుకున్నాడు. ఎట్టాగూ ఒకనాడు ఏడుస్తావు గదా, చచ్చాక నేను వినేదేముంది, ఇప్పుడే వినిపోతా కానీ అన్నాడు. చెంచమ్మ వద్దని మొత్తుకుంది. బతికున్న మొగుడికి శోకమేందయ్యా, నా పుస్తెలకి అరిష్టం అంది. ఇరవై వేలకి అరిష్టమేంది, కూచో అన్నాడాయన. అప్పుడామె ఒక షరతు పెట్టిందంట, శవానికి కట్టినట్టు కాలి బొటనవేళ్ళు కట్టటానికి లేదని. కట్టకపోతే చచ్చినట్టు గాదని ఆమె ధైర్యం. సరే, కట్టలేదు. భార్గవి వీడియోకి ఫోను పెట్టింది.

ఇక్కడ బాగా వినండి. మొగుడి పేరు పెట్టి పిలవరు గదా మనోళ్ళు, పిలవగూడదు. శోకంలో మాత్రం అనొచ్చు. పెళ్ళై ముప్పైయెనిమిదేళ్ళకి చెంచమ్మ నోట మొట్టమొదటిసారి ఆ పేరొచ్చింది, మాలకొండయ్యా అని. చాప మీద ఆ మనిషి ఒళ్ళు ఝల్లుమనటం భార్గవి ఫోనులో చూసిందంట. పెదరాయికట్ట మాలకొండయ్యా, ఓబులమ్మ కొడుకు మాలకొండయ్యా, రాళ్ళ నేలని సాగునేల చేస్తివే, పాలసీ కట్టకుండా పోతివే. ఆడిదాకా కంపెనీ చెప్పినట్టే పోయింది. కానీ శోకం ఆడాగదు. దాని దోవ దానిది, ఎత్తుకున్నదాకే ఆమె చేతిలో ఉంటది. నిష్ఠూరంలోకి పోయింది. అడిగితే చీర కొనకపోతివే అంది, మా నాయన పోతే పంపకపోతివే అంది. అదీ అయింది, బిడ్డల్ని పిలవటానికొచ్చింది. కొడుకు శ్రీనుని పిలిచింది. ఆ తర్వాత ఇంకో పేరు పిలిచింది.

"నా సీతాలూ, నాలుగేళ్ళ సీతాలూ, మీ నాయనొస్తన్నాడే, ఎదురు రావే. నీ ఒళ్ళు కాలిపోతంటే బండి కట్టమని కాళ్ళు పట్టుకుంటినే, ఎడ్లు అలిసినయ్యి రేపు పోదాంలే అనెనే, ఆ రేపు నీకు రాకపోయెనే."

 భార్గవి ఆ ఇంట్లో కాపరానికొచ్చి ఆరేళ్ళైంది, తన మొగుడికి ఒక చెల్లెలుండేదన్న మాట ఎవురూ చెప్పలేదు. ఆ పేరే ఆ ఇంట్లో లేదు. చెంచమ్మ కొంగులో మొహం పెట్టుకుని గుండెలు బాదుకుంటా ఉంది, ఆమెకేమీ కనపడదు. కనపడింది భార్గవికి. శవం మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నయ్యంట. శోకం అయిపోయింది. చెంచమ్మ కొంగు తీసింది, తనేమన్నదో తనకే అప్పుడు తెలిసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాలకొండయ్య మాత్రం లేవలేదు. మామా, అయిపోయింది లే అని భార్గవి రెండుసార్లు పిలిచినా లేవలేదు.

ఇంత జరిగితే ఆ పిల్లకేం తోచింది చెప్పండి, ఏమీ తోచలేదు. ముందు ఒప్పుకున్న పని గదా అని వీడియో అట్టాగే కంపెనీకి పంపించింది. అరగంటకి ఆ అబ్బాయి ఫోను. అద్భుతంగా ఉందండీ, మా ఆఫీసంతా ఏడిచింది, కానీ ఒక్కటే చిక్కు, శవం కన్నీళ్ళు కారుస్తంది, అట్టా ఉండగూడదు, ఇంకోసారి తీసి సాయంత్రానికి పంపండి, అదే మాట, ఆ చిన్నపాప మాట గూడా తప్పకుండా ఉండాలి, అది బాగా పనిచేస్తది అన్నాడు. ఎవురి బిడ్డ, ఎవురికి పనిచేస్తది? అయ్యా, నేను ఈ కథ పదిసార్లు చెప్పా, ఈ మాట దగ్గర ప్రతిసారీ నా ఒళ్ళు మండిద్ది. ఫోను స్పీకర్లో ఉంది. ముగ్గురూ విన్నారు.

అప్పుడు లేచి కూచున్నాడు మాలకొండయ్య. పెళ్ళాం వంక చూడలేదంట, చాప వంక చూస్తా మాట్లాడాడంట.

"ఎడ్లు అలవలేదే. ఆ రోజు వాటిని కట్టనే లేదు, ఇంటికాడే ఉన్నయ్యి. ఆడపిల్లే గదా అనుకున్నా."

అంతే అన్నాడు.  ముప్పైయొక్కేళ్ళు ఆ మనిషి నెపం ఎడ్ల మీద పెట్టి బతికాడు. ముప్పైయొక్కేళ్ళు ఆమె ఎడ్ల మీద పెట్టుకునే ఆయనకి అన్నం పెట్టింది, పాపం మూగజీవాలు, అలిసినయ్యి, ఈయన మాత్రం ఏం చేస్తాడులే అని. నాలుగూళ్ళ శవాలకి ఏడిచిన ఆడదానికి ఆ మాటకి ఒక్క చుక్క రాలేదంట.   ఆ ఫోను నా వైపు తిప్పవే అంది కోడలితో. కంపెనీకా అత్తా అంది ఆ పిల్ల బిత్తరపోయి. కాదు, నా బిడ్డకి అంది. పాలపళ్ళు ఊడని పిల్లకి శోకం పెట్టగూడదని కట్టుందిలే మనకి. ఆనాడు సీతాలుని తీసకపోతంటే అత్త ఓబులమ్మ ఈమె నోరు గట్టిగా మూసి పట్టుకుందంట, అరవనీలేదంట. ఆ కట్టుని ఆ పూట చెంచమ్మ తెంపేసింది. కొంగు గూడా కప్పుకోలేదు. మొగుడు ఎదురుగ్గా కూచోనుండగా, కళ్ళు తెరిచి, ఆయన మొహం లోకి చూస్తా ఎత్తుకుంది.

"పెదరాయికట్ట సీతాలూ, చెంచమ్మ కడుపున పుట్టిన సీతాలూ, ఎడ్లు అలవలేదంటమ్మా. నేను ఆ ఎడ్లకి కుడితి పెట్టి కళ్ళు తుడుచుకుంటినే, అవి నీకేమీ చెయ్యలేదంటమ్మా."

ఆ రెండో వీడియోని భార్గవి లోకం మీదకి వదిలింది. అది చూసి కంపెనీవాడు ఫోను చేసి, ఇందులో పాలసీ మాటే లేదు గదండీ, మేమేం చేసుకోవాలి అన్నాడు. భార్గవి ఫోను పెట్టేసింది. ఇరవై వేలు పోయినయ్యి. ఎంతమంది చూశారంటే, భార్గవి చెప్పే అంకె నాకు నోరు తిరగదు. ఎక్కడెక్కడి ఆడాళ్ళో కింద రాశారంట, చిన్నప్పుడే పోయిన ఆడపిల్లల పేర్లు. ఉత్త పేర్లే. వేలకి వేలు. భార్గవి చదువుతుంటే చెంచమ్మ ఒక్కో పేరుకీ ఊఁ కొట్టిందంట, రెండు రోజులు అదే పని.

ఇప్పుడు బాగానే సంపాదిస్తందిలే. పాత మిక్సీకి ఏడిచిద్ది, చిరిగిన పరుపుకి ఏడిచిద్ది, కంపెనీలోళ్ళు ఇచ్చింది తన పేరుమీదే బ్యాంకులో వేసుకుంటది. మనుషుల ఏడుపుకి మాత్రం డబ్బు ముట్టదు. మాలకొండయ్యని క్షమించిందా అని అడగబాకండి, నాకెట్టా తెలిసిద్ది? అన్నం పెడతది, మాట్టాడిద్ది. ఆయనే సగమైపోయాడు. ఊళ్ళో మగాళ్ళు మాత్రం ఆమె ఎదురొస్తే పక్క సందులోకి తిరుగుతున్నారు. పోయాక తనగురించి ఏం ఎత్తుకుంటదో, ఎన్ని లక్షల మంది వింటారో అని ఒక్కొక్కడికీ జొరమే. నేనైతే భయపడి నిన్న పొద్దున మా ఇంటిదాన్నే అడిగా, నామీద ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పవే, శోకం దాకా పెట్టుకోబాక అని. అది మొదలుపెట్టి ఇంకా ఆపలేదు. అందుకే గదా ఇంట్లో ఉండలేక మీ అరుగు మీదకొచ్చి కథ చెప్తన్నా.