జల్లెడ మాస్టారు పారేసిన ప్లేట్లు

ఈ సభకు వచ్చిన పెద్దలకు, సహోద్యోగులకు, మాస్టారి శిష్యులకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మాస్టారి ఇల్లాలు, మా చెల్లెమ్మకూ వారి అమ్మాయికీ ఏమని చెప్పాలో నాకు తెలియడం లేదు. మొన్న సోమవారం దాకా మా పక్క గదిలోంచి మాస్టారి దగ్గు వినిపించేది. ఆ దగ్గును బట్టి ఆయన మైక్రోస్కోపు దగ్గరున్నారో, కుర్చీలో వెనక్కి వాలి ఆలోచిస్తున్నారో చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు ఆ గది నిశ్శబ్దంగా ఉంది. మాకింకా అలవాటు కాలేదు.

నేను మంచి వక్తను కాను. చెల్లెమ్మ నిన్న నన్ను పిలిచి ఒక మాట అన్నారు: "అన్నయ్యగారూ, అందరూ మంచి మాటలే చెప్పి ఆయన్ని నాకు పరాయివాణ్ని చెయ్యకండి. ఆ ప్లేట్ల సంగతి చెప్పండి. చివరికొచ్చేసరికి ఆయన మనసంతా దాని మీదే ఉంది." చెబుతాను చెల్లెమ్మా. అయితే అది అందరికీ అర్థం కావాలంటే మాస్టారు జీవితమంతా దేని గురించి ఆలోచించారో ముందు చెప్పాలి.

ప్రాణమున్న ప్రతి కణం రెండు కణాలయ్యే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. పని అందరిదీ ఒకటే. పనిముట్లు మాత్రం ఒకటి కావు. బ్యాక్టీరియాలో డీఎన్ఏ మామూలుగా ఒక వలయం. ఆ వలయం మీద నకలు మొదలయ్యే చోటు ఒక్కటే. మన కణాల్లో, మొక్కల కణాల్లో కేంద్రకం ఉంటుంది, డీఎన్ఏ పొడవాటి పోగులుగా ఉంటుంది, నకలు వేల చోట్ల మొదలవుతుంది. ఇక మూడోవి ఆర్కియా. చూపుకు బ్యాక్టీరియాలాగే చిన్నవి. కేంద్రకం లేదు, డీఎన్ఏ కూడా వలయమే. కానీ నకలు తీసే పనిముట్లు చూస్తే మన పనిముట్లకు దగ్గర చుట్టాలు. మాస్టారు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు: "వేషం బ్యాక్టీరియాది, వంశం మన వైపుది."

ఆయన పాఠం ఎంతమందికి గుర్తుందో. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు పేటల పురికొస కట్టించి, ఇద్దరు విద్యార్థుల చేత దాని పురి విప్పించేవారు. డీఎన్ఏను విప్పే యంత్రం బ్యాక్టీరియాలో ఒక పేట పట్టుకుని నడుస్తుంది. ఆర్కియాలోనూ మనలోనూ రెండో పేట పట్టుకుని నడుస్తుంది. రెండూ చేరేది అదే చివరికి. ఏ పద్ధతి గొప్పదని ఎవరైనా అడిగితే మాస్టారు నవ్వి, "గొప్పతనం అడక్కు నాయనా, చుట్టరికం అడుగు" అనేవారు. పురికొస కాళ్లకు చుట్టుకుని పడిన వాళ్లు ఈ సభలోనే ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లకా పాఠం ఇప్పటికీ మోకాళ్లలో ఉంది.

ఆయనకు జల్లెడ మాస్టారని పేరెందుకు వచ్చిందో మీకు తెలుసు. ఏ ఫలితమైనా ఆయన అనుమానాల్లోంచి జారి కింద పడాల్సిందే. ఒకసారి ఒక సీసా మూత సరిగా బిగించలేదేమోనన్న అనుమానంతో, అచ్చుకు పంపిన తన వ్యాసాన్నే వెనక్కి తెప్పించారు. ఉప్పునీటిలో పెరిగే ఆర్కియా కోసం ల్యాబులో ఉప్పును మిల్లీగ్రాములతో సహా తూచే మనిషి, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి అని చెల్లెమ్మ దెప్పిపొడిచేవారు. ఆ జాగ్రత్తే మా విభాగానికి పరువు తెచ్చింది. ఆ జాగ్రత్తే, మిత్రులారా, ఆయన చేత ఒక తప్పు చేయించింది.

చాలా ఏళ్ల కిందట ఆయన దగ్గర ఒక విద్యార్థిని పరిశోధన చేస్తుండేది. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. ఉప్పునీటి ఆర్కియాలో నకలు మొదలయ్యే చోట్లు కొన్ని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తొలగిస్తూ వెళ్లడం ఆమె పని. బ్యాక్టీరియాలో ఉన్న ఒక్క చోటునూ తీసేస్తే మామూలుగా కణం చచ్చిపోతుంది. ఇక్కడా చివరిది తీసేసినప్పుడు అంతే జరగాలి. జరగలేదు. ఆమె కణాలను పెంచే గాజు ప్లేట్ల మీద లేత ఇటుక రంగు చుక్కలు పెరిగాయి. మామూలు వాటికన్నా చురుగ్గా పెరిగాయి.

మాస్టారు ఏమన్నారు? "పాత కణాలు ఎక్కడో కలిసిపోయాయి తల్లీ. పారెయ్." ఆమె మళ్లీ చేసింది. మళ్లీ పెరిగాయి. ఈసారి ఆయన పారెయ్యమని కూడా అనలేదు. ప్లేట్లు తనే తీసుకెళ్లి, ఆవిరి వేడితో సూక్ష్మజీవులన్నిటినీ చంపే ఆటోక్లేవులో పెట్టి మూత బిగించారు. పెరగకూడని చోట పెరిగిందంటే అది కల్తీయే. మా వృత్తిలో అందరం మొదట నేర్చుకునే సూత్రం అది. ఆమె ఆ ఏడాదే పరిశోధన మానేసి, ఒక నీటి పరీక్షల కేంద్రంలో ఉద్యోగానికి వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు వేరే దేశం నుంచి ఒక నివేదిక వచ్చింది. అలాంటి ఆర్కియాలో నకలు మొదలయ్యే చోట్లన్నీ తీసేసినా కణాలు బతుకుతున్నాయి, ఇంకా వేగంగా పెరుగుతున్నాయి. తెగిన డీఎన్ఏను అతికించే యంత్రాంగం సాయంతో, ఏదో ఒక చోట నకలు మొదలుపెట్టుకుంటున్నాయి. మాస్టారు అది టీ గదిలో నిలబడే చదివారు. చదివి, కప్పు పక్కన పెట్టి, "ఆ పిల్ల చెప్పింది నిజం" అన్నారు.

ఆ వారమే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. తిరిగొచ్చాక ఆమె అన్న మాట నాతో చెప్పారు: "మీరు నమ్మలేదని నాకు బాధ లేదు సార్. అనుమానించడం మీరే నేర్పారు. చూడకుండా పారేశారు, అదీ నా బాధ." తిరిగి రమ్మని అడిగితే, చేతులు ఆ పనికి అలవాటు తప్పాయని ఆమె మర్యాదగా కాదన్నారట.

అప్పుడు ఆయన ఏం చేశారో మీలో చాలామందికి తెలియదు. ఉద్యోగ విరమణ చేసిన మనిషి, ఆమె పద్ధతిలోనే ఆ పని మొదటి నుంచి మొదలుపెట్టారు. వద్దని చెప్పాను. "లోకానికి తెలిసిన సంగతికి మళ్లీ రుజువెందుకు మాస్టారూ" అన్నాను. "లోకం కోసం కాదయ్యా. ఆ పిల్ల పద్ధతిలో తప్పు లేదని నా చేతులకు తెలియాలి" అన్నారు. అది పూర్తయింది. ఆయన ప్లేట్ల మీదా అవే చుక్కలు కనబడసాగాయి. వచ్చి చూడమని ఆమెకు ఫోన్ చేశారు. గురువారం వస్తానని ఆమె అన్నారు. ఆయన సోమవారం వెళ్లిపోయారు.

ఇంతేనా అనిపిస్తుంది. ఇన్నేళ్లు ఆగిన మాటకు మూడు రోజుల గడువు దొరకలేదా అనిపిస్తుంది. ఆమె ఆయన్ని క్షమించారా? నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. అడగవద్దని మీకూ మనవి చేస్తున్నాను.

తెలిసింది మాత్రం చెబుతాను. ఈ ఉదయం ఆమె ల్యాబుకు వచ్చారు. మాస్టారి గది తెరిచి ప్లేట్లు బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. ఎన్ని రోజుల ప్లేట్లని అడిగారు. చెప్పాను. "ఇంకో రెండు రోజులు ఉంచండి. చిన్న చుక్కలు ఇంకా పైకి వస్తాయి. అప్పుడు చూస్తాను" అన్నారు. వాటిని తన చేతులతోనే తిరిగి వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టి, దాని తలుపు వేశారు.

చెల్లెమ్మా, అమ్మాయీ, ఆ ప్లేట్లను ఎవరూ ముట్టుకోరు. మాట ఇస్తున్నాను.

మిత్రులారా, దయచేసి అందరూ లేచి నిలబడండి. ఆలస్యంగానైనా చూసిన ఆ మనిషి కోసం కాసేపు మౌనంగా ఉందాం.