నేను వెండెల్‌ని తిట్టిన రోజు

ఏంటన్నయ్యా, విమానం దిగిన దగ్గర్నుంచీ అదే పాట! వీళ్ళ నవ్వు దొంగ నవ్వు, వీళ్ళ బ్రెడ్డు దూది, వీళ్ళ టమాటాలకి రుచీ పచీ లేదు. ఒప్పుకున్నాను కదా! బ్రెడ్డు దూదే. టమాటా నీళ్ళే. ఎలా ఉన్నారని అడుగుతారు, మనం నడుం నొప్పి సంగతి మొదలెట్టేలోపు వీధి మలుపు తిరిగిపోతారు. ఇంకా? చెప్పు, నేనూ నాలుగు కలుపుతాను. ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే ముందు ఆసుపత్రి బిల్లు గుర్తొస్తుంది, ఆ తర్వాతే దేవుడు. చాలా?

కానీ ఇందాక మూతి విరిచి, "ఈ దేశంలో అంత గొప్పేముందే వియోరికా?" అన్నావు చూడు, దానికి మాత్రం ఊరుకోలేను.

తిను, తింటూ విను. గవ్రిల్ కోసం చూడకు. పుట్టగొడుగులకని అడవిలోకి వెళ్తే మా ఆయన ఇప్పట్లో రాడు. సర్మాలే అచ్చం అమ్మ చేసినట్టే, క్యాబేజీ ఆకుల్లో ఖైమా పెట్టి చుట్టాను. ఇక్కడి క్యాబేజీ సరిగ్గా పులియదు, కాస్త వెనిగర్ పోసి మోసం చేశాను. తెలియలేదు కదూ?

నిన్న వస్తూ ఏటి మీద చెక్క వంతెన దాటాం. దాని సంగతే చెప్తున్నా.

ఇక్కడ వెర్మాంట్ ఊళ్ళల్లో ఒక వింత ఉంది. మార్చి నెలలో, మంచు ఇంకా కరక్కుండానే, ఊరంతా బళ్ళో పిల్లలు బంతులాడుకునే హాల్లో చేరుతుంది. రోడ్లేం చెయ్యాలి, బడికేం చెయ్యాలి, పన్నెంత వెయ్యాలి, అన్నీ అక్కడే తేలుస్తారు. మంత్రి ఉండడు, పార్టీ వాడు ఉండడు. ఆడవాళ్ళు స్వెట్టర్లు అల్లుకుంటూ పన్నులు వేస్తారన్నయ్యా! మధ్యాహ్నం తలో గిన్నె తెచ్చుకుని అందరూ కలిసి భోంచేస్తారు.

మేమూ ఏటా వెళ్ళేవాళ్ళం. తలుపు పక్కన, చివరి వరస. గవ్రిల్ ముందే చెప్పి తీసుకెళ్ళేవాడు. "అందరూ చెయ్యెత్తితే ఎత్తు. అందరూ దించితే దించు. మధ్యలో నోరు తెరవకు." అచ్చుగుద్దినట్టు అలాగే చేసేదాన్ని. మన దేశంలో నేర్చుకున్న చదువు కదా, ఎక్కడికి పోతుంది?

ఆ ఏడు వెండెల్ ప్రాట్ లేచాడు. ఊరి పెద్ద. ఆవుల పాక ఉంది, మనిషి తలుపంత ఉంటాడు. "కొండ మీదికెళ్ళే వంతెన ముసలిదైపోయింది. బాగుచెయ్యడం దండగ. మూసేద్దాం. పైన ఉన్న నాలుగిళ్ళ వాళ్ళూ చుట్టూ తిరిగి రావచ్చు" అన్నాడు. అందరూ తలలూపారు.

ఆ నాలుగిళ్ళలో ఒకటి మాది! అంతకు ముందు శరత్కాలంలోనే గవ్రిల్‌కి గుండె పట్టేసింది. అంబులెన్సు ఆ వంతెన మీదుగానే వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు నా మొహం మీదే అన్నాడు. ఇప్పుడు వీడొచ్చి చుట్టూ తిరిగి రమ్మంటాడేంటి?

ఎలా లేచానో నాకు తెలీదు. లేచాక కూర్చోవడం రాలేదు. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలియదు, కోపమొస్తే అందులో వెనకా ముందూ ఉండదు. అరిచాను. "వెండెల్ ప్రాట్! నువ్వు దొంగవి! సిగ్గులేని మనిషివి! మా దేశాన్ని ఏలినవాడూ నీలాంటి పెద్దమనిషే. క్రిస్మస్ నాడు గోడకి నిలబెట్టి కాల్చిపారేశారు!"

అవునన్నయ్యా, అక్షరాలా అదే అన్నాను. ఊరి పెద్దని. ఊరందరి ముందు.

స్వెట్టర్లు అల్లే సూదులన్నీ ఆగిపోయాయి. పక్కన గవ్రిల్ వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలెట్టాడు. అవి లేసుల్లేని బూట్లు!

సభ నడిపేది ప్రూడెన్స్ అని పశువుల డాక్టరమ్మ. కళ్ళజోడు పైకి తోసుకుని ఏమందో తెలుసా? "థాంక్యూ విక్కీ. కానీ మన సభలో ఏ మాటైనా నాకేసి చూసి చెప్పాలి, వెండెల్ వైపు తిరిగి కాదు."

విక్కీ అంటే నేనేలే. వియోరికా అనడానికి వీళ్ళకి నోరు తిరగదు.

అర్థమైందా? నేనన్న మాట తప్పు కాదట, మొహం తిప్పిన దిక్కు తప్పట! సరే కదా అని ఆవిడ వైపు తిరిగి మొత్తం మళ్ళీ చెప్పాను. రెండోసారి కాల్చడం దగ్గరికొచ్చేసరికి నాకే కొంచెం సిగ్గేసింది.

వెండెల్ లేచాడు. "దొంగ అన్న మాట నిజం కాదు. మిగతాది ఆవిడ అభిప్రాయం" అని కూర్చున్నాడు. అంతే! ఓటు పెట్టారు, మేం ఓడిపోయాం. వంతెన మూసెయ్యాలని తేలిపోయింది.

ఆ తర్వాత భోజనాల దగ్గర, ఉడికించిన చిక్కుడు గింజల కోసం నిలబడితే, నా వెనక వెండెల్! చేతిలో పళ్ళెం. నా సర్మాలే గిన్నె చూపించి, "ఇవి నువ్వు చేసినవేనా? ఇంకో రెండు తీసుకోవచ్చా?" అన్నాడు. తీసుకో అన్నాను. ఇంకేమంటాను? ఆ గిన్నె అక్కడే వదిలేసి వచ్చేశాం.

ఇంటికొచ్చాక చూడాలి మా అవస్థ! గవ్రిల్ కారు తీసుకెళ్ళి కొట్టం వెనక దాచాడు. కర్టెన్లన్నీ లాగేశాడు. చిన్న సంచీ తీసి అందులో సబ్బు, ఉన్ని మేజోళ్ళు, ఒక జత బట్టలు సర్దుకున్నాడు. పట్టుకుపోవడానికి వస్తే వెంట తీసుకెళ్ళడానికని మనవాళ్ళ ఇళ్ళల్లో తలుపు పక్కన ఉండేది చూడు, ఆ సంచీ. "ఇది అమెరికా, గవ్రిల్" అన్నాను. "మనుషులు ఎక్కడైనా మనుషులే, నువ్వు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది" అన్నాడు.

ఎదురుచూశాం. కొండెక్కే ప్రతి బండి చప్పుడుకీ లైటు ఆర్పేసేవాళ్ళం. పోస్టాఫీసులో అమ్మాయి ఎప్పట్లానే నవ్వింది. కిరాణా కొట్లో ప్రూడెన్స్ ఎదురై, మా పిల్లికి టీకా వేయించావా అంది. ఎవడూ రాలేదు. ఎవడూ పిలవలేదు. ఏమీ జరగలేదు!

నిజం చెప్పనా? నాకు కోపం వచ్చింది. నవ్వకు! అంత మాటన్నానే, ఒక్కడికైనా గుచ్చుకోవాలా వద్దా? మన దేశంలో అయితే ఆ మాటకి మూడు తరాలు మోసేవి. ఇక్కడ నా తిట్టుకి ఆపాటి విలువ కూడా లేదా? పగ పట్టడానికైనా పనికిరానా నేను?

ఆ తర్వాతో రోజు మంచు బాగా కురిసింది. పొద్దున్నే మంచు తోసే బండి వచ్చి సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది. దిగింది వెండెల్. గవ్రిల్ సంచీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. వెండెల్ లోపలికొచ్చి బూట్లు దులుపుకుని ఆ సంచీ చూశాడు.

"ఎక్కడికైనా ప్రయాణమా?"

"అది నువ్వే చెప్పాలి" అన్నాడు మా ఆయన.

పాపం ఆ మనిషికి ఏమీ అర్థం కాలేదు. కడిగి తుడిచిన నా సర్మాలే గిన్నె బల్ల మీద పెట్టాడు. కాఫీ ఇస్తే తాగాడు. తాగి, "విక్కీ, నువ్వెందుకు ఓడిపోయావో తెలుసా? నన్ను కాల్చడం గురించి రెండుసార్లు చెప్పావు, అంబులెన్సు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. గవ్రిల్ గుండె సంగతి ఊళ్ళో సగం మందికి తెలియదు. నాకే తర్వాత మా ఆవిడ చెప్తే తెలిసింది" అన్నాడు. నెల లోపల ఊళ్ళో కొంతమంది చేత సంతకాలు పెట్టిస్తే మళ్ళీ ఓటుకి పెట్టాల్సిందేనట. కాయితం కూడా వాడే పట్టుకొచ్చాడు.

ఉచ్చు అనుకున్నాను. నువ్వూ అదే అనుకుంటున్నావు కదూ? ఎవరెవరు సంతకం పెడతారో చూసి, ఆ తర్వాత ఒక్కొక్కళ్ళనీ ఏరడానికి. అడిగేశాను. "ఇందులో నీకేంటి లాభం?"

"లాభమా?" అని నా మొహంలోకి చూశాడు, నేనేదో మన భాషలో అడిగినట్టు. "ఈసారి కూడా నేను నీకు వ్యతిరేకంగానే ఓటేస్తాను. ఆ వంతెన దండగే. కానీ మళ్ళీ అడిగే హక్కు నీకుంది కదా" అన్నాడు. అని, జేబులోంచి కలం తీసి మొదటి సంతకం వాడే పెట్టాడు.

వాడు వెళ్ళాక గవ్రిల్ కుర్చీలో కూర్చున్నాడు. సంచీలోంచి మేజోళ్ళు తీసి తొడుక్కున్నాడు. చలిగా ఉంది అన్నాడు.

బురదలో ఇల్లిల్లూ తిరిగాను. ఒకావిడ సంతకం పెట్టనంది, కానీ మేపుల్ పాకం సీసా చేతిలో పెట్టింది. ఒకాయన సంతకం పెట్టి, దేవుడి గురించి నాకు పెద్ద పాఠం చెప్పాడు. ఒకడు మొహం మీదే, "మీ దేశం నుంచి వచ్చి మాకు నేర్పుతావా?" అన్నాడు. ఉంటారు, ఎందుకుండరు? వీళ్ళేం దేవదూతలు కాదు. వెండెల్ మాత్రం? ఎన్నికలప్పుడు వాడి ఇంటి ముందు పాతే బోర్డు కనిపిస్తే నేను మొహం తిప్పుకుని పోతాను. పెద్ద ఊళ్ళల్లో నల్లవాళ్ళని అడిగితే ఈ దేశం గురించి నీకు వేరే కథ చెప్తారు, అదీ నాకు తెలుసు. నాకు జరిగింది నేను చెప్తున్నా.

రెండోసారి సభలో ప్రూడెన్స్ వైపే తిరిగి, నిదానంగా, అంబులెన్సు సంగతి చెప్పాను. ఎవర్నీ కాల్చలేదు. గెలిచాం. వెండెల్ అన్నమాట ప్రకారం నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తాడు, నా వంక చూసి నవ్వుతూ ఎత్తాడు. ఎండాకాలం రాగానే వాడే మనుషుల్ని పోగేసి, మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి దూలాలు మార్చాడు. నిన్న మన కారు దాని మీద వస్తే కిర్రుమన్లేదు, చూశావుగా?

ఇంతేనన్నయ్యా గొప్ప. ఇంకేం లేదు. నోరు పారేసుకున్న మర్నాడు కూడా మామూలుగానే తెల్లారుతుంది. వీళ్ళకి అది గొప్పని కూడా తెలియదు. చెప్తే, "దాన్దేముంది?" అంటారు. నాకు మాత్రం ఆ ఏడు పుట్టిన రోజు మళ్ళీ వచ్చినట్టయింది.

నవ్వుతున్నావు. నవ్వు, నవ్వొచ్చే కథే.

ఆ వంతెన గెలిచిన రోజు నాకు ఎవరు గుర్తొచ్చారో తెలుసా? నాన్న. మీ బాబాయి.

అప్పట్లో ఫొక్షాని ఊళ్ళో మా వంటిల్లు గుర్తుందా? ఆదివారం. బల్ల చుట్టూ నాన్న, అమ్మ, నేను, నువ్వు. ఇంకెవరూ లేరు. నాన్న బళ్ళో జరిగింది చెప్పాడు. ప్రపంచ పటం ముందు ఒక పిల్లాడు లేచి, "మాస్టారూ, నారింజలు ఏ దేశంలో దొరుకుతాయి?" అన్నాడట. "మన దేశం తప్ప అన్ని చోట్లా" అన్నానర్రా అని నాన్న నవ్వాడు. అప్పుడు నువ్వు అందుకున్నావు. "మన దేశంలోనూ ఉంటాయి బాబాయ్, నాయకుడి గారి భోజనాల బల్ల మీద!" నాన్న పొలమారేదాకా నవ్వాడు.

ఆ వారంలోనే రహస్య పోలీసులు వచ్చారు. ఇద్దరు. నాన్నని ఇంట్లోనే నిలబెట్టి, ఆయన చెప్పిన కబురు ఆయనకే అప్పజెప్పారు. పిల్లాడు, పటం, నారింజలు, అన్నీ. అమ్మా నేనూ గుమ్మంలో నిలబడి విన్నాం. ఒక్క ముక్క పొల్లుపోలేదు. నువ్వన్న నాయకుడి బల్ల సంగతి మాత్రం వాళ్ళు ఎత్తలేదు. అది వాళ్ళకి తెలియదన్నయ్యా. అసలు ప్రమాదమైన మాట అదే, అదే తెలియదు!

చెంచా కింద పెట్టేశావేం?

నాన్నని బళ్ళోంచి తీసేశారు. రైల్వే గోదాములో మూటలు మోశాడు. ఆ తర్వాత మళ్ళీ ఒక్క సరదా మాట అనలేదు. ఉప్పు అందించమనాలన్నా రేడియో గట్టిగా పెట్టి అడిగేవాడు. నీకు ఆ వేసవిలోనే ఇంజనీరింగ్ సీటొచ్చింది. అమ్మ ప్రతి ఈస్టర్‌కీ నీ ప్లేట్లో ఎర్ర గుడ్డు పెడుతూనే ఉంది. ప్రేమతో అనుకున్నావా? భయంతో. అంతా తెలిసీ నిన్ను భోజనానికి పిలవకపోతే అది కూడా తప్పైపోతుందేమోనని.

ఆకులు రంగు మారడం చూద్దువుగాని రమ్మని రాస్తే, నిజమనుకుని వచ్చావు కదూ?

లేదులే, అరవను. అరవాలనే పిలిచాను. నిన్న విమానాశ్రయంలో నిన్ను చూశాక, ఆ కర్ర, ఆ మందుల సంచీ చూశాక, ఆ కోపం ఎక్కడికో పోయింది. వెండెల్‌ని తిట్టానంటే, లేచి నిలబడి నా మాటకి జవాబు చెప్పాడు. నిన్ను తిడితే ఏం చేస్తావు? ఇదిగో, ఇలాగే బల్ల వంక చూస్తూ కూర్చుంటావు.

ఆ బండి చప్పుడా? వెండెలే. ఆదివారం మధ్యాహ్నం కాఫీకి వస్తుంటాడు. గోడ మీద నాన్న ఫోటో చూసి వచ్చినప్పుడల్లా అడుగుతాడు, మాస్టారై ఉండి మూటలెందుకు మోశాడని. నేను మాట తప్పించేస్తుంటాను. ఇవాళ నువ్వు చెప్పు. ఇంగ్లీషు రాకపోతే ఏం, మన భాషలోనే చెప్పు. ఒక్క ముక్క పోకుండా నేను వాడికి అప్పజెప్తాను. ఆ పని ఎలా చెయ్యాలో నీకు తెలియంది కాదు.

లేవకు, కూర్చో. ఇక్కడ ఎవరూ ఎవర్నీ తీసుకుపోరు. మహా అయితే వాడు కాసేపు నీ మొహం వంక చూస్తాడు. చూస్తే చూడనీ. నేను చూడలేదూ, ఇన్నేళ్ళూ?