సామేలన్న ఐదు కిలోల ప్రెషర్

తార్నాక వైపు యూనివర్సిటీ గేటు పక్కన అమ్మాజీ చాయ్ బండి ఉంది. పొద్దున ఏడున్నరకు అక్కడ ఎంత రద్దీ ఉన్నా ఒక స్టూలు మీద ఎవరూ కూర్చోరు. అది సామేలుది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై మూడేళ్ళు బోగీల బ్రేకులు చూసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలో ఆయన పాటకు గొంతెత్తితే వెనక బెంచీలో కునుకుతున్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటారు. అంతటి గొంతును మిగతా ఆరు రోజులూ ఊరికే ఉంచితే తుప్పు పడుతుందని ఆయన భయం. అందుకే ఈ స్టూలు.

ఆ స్టూలు మీద కూర్చుని కోసే కోతల్లో సామేలుకు ఒక కట్టుబాటు ఉంది. ఎంత కోసినా చివర 'ఆమేన్' అనడు. నిజం చెప్పినప్పుడే అంటాడు. అబద్ధం చివర ఆమేన్ అంటే దేవుడి చేత దొంగ సంతకం పెట్టించినట్టేనని ఆయన నమ్మకం. రోజూ పడుకునే ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ రోజు కోసినవన్నీ వరుసగా ప్రభువుకు ఒప్పజెబుతాడు. ఒప్పజెప్పేటప్పుడు కూడా ఒకటో రెండో కొత్తవి కలుస్తున్నాయేమోనని ఆయనకే అనుమానం.

ఈ సంగతి చాయ్ బండి దగ్గర అందరికీ తెలుసు. కథ ముగియగానే ఆటో నడిపే భూపాల్ "ఆమేన్ అను అన్నా" అంటాడు. సామేలు గ్లాసు చూపించి "చాయ్ చల్లగైంది" అంటాడు. అందరూ నవ్వుకుని ఎవరి పనికి వాళ్ళు పోతారు.

ఆ శనివారం మాత్రం ఒక కొత్త మనిషి వచ్చింది. పేరు శిరీష. క్యాంపస్‌లో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది.

"అంకుల్, మీరు పాత కార్లకు కార్బురేటర్లు పెట్టిన్రంట గదా?"

సామేలు గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

"అందరు చెప్తున్రు."

భూపాల్ దగ్గుతో నవ్వు దాచుకున్నాడు.

"మా నాన్నది పాత జర్మనీ కారు అంకుల్. ఇంజెక్షన్ బండి. అది పాడైతే మా సుదర్శన్ మామ ఇంజెక్షన్ పీకేసి కార్బురేటర్లు పెట్టిండు. మంచిగనే స్టార్ట్ అయితది. రెండు కిలోమీటర్లు పోంగనే ఆగిపోతది. జరసేపు ఆగితే మళ్ళ నడుస్తది. సోమవారం నాన్న రిటైర్మెంట్. ఆఫీసు కాడి నుంచి ఆయనను ఆ బండిల కూసోబెట్టుకొని ఇంటికి తీస్కరావాలని నా ఆశ. మామ సీతాఫల్‌మండిల బానెట్ తెరుచుకొని కూసున్నడు. మీరేం చెప్తే అది చేస్తడట."

ఇక్కడ సామేలు రెండు ప్రశ్నలు వేసి, ఒక మాట చెప్పి పంపించి ఉండాల్సింది. ఆ రెండు ప్రశ్నలు నాలుక దాకా వచ్చాయి కూడా. కానీ ఎదురుగా కొత్త ముఖం. ఒక్క కోత కూడా వినని చెవులు. ఆయన ఛాతీలో ఏదో ఉబికింది.

"చెప్త బిడ్డా. ముందుగాల కథ విను. రత్నాకర్ సారని క్యాంపస్ క్వార్టర్లల ఉండెటోడు. ఆయనకు గూడ నీ అసొంటి బండే. ఇంజెక్షన్ అంటే ఏంది? పంపు పెట్రోలును జోరుగ తోస్తది, సూదులు ఇంజన్ల పిచికారీ కొడ్తయి. కార్బురేటర్ గట్ల కాదు. చిన్న గిన్నెల పెట్రోలు పెట్టుకుంటది, ఇంజను తనకు కావల్సినంత పీల్చుకుంటది. సారు బండి సూదులు చచ్చిపోయినయి. పట్నమంత తిరిగిండు, దొరకలే. ఆఖరికి వచ్చి 'సామేలూ, నువ్వే దిక్కు' అన్నడు. నేను రెండు కార్బురేటర్లు తెచ్చి, పది నంబర్ పానా ఒక్కటి పట్టుకొని, అర్ధగంటల బిగించిన."

పదకొండు రోజులు పట్టింది. ఆ లెక్క సామేలుకు గుర్తుంది. కానీ కథలో అన్ని రోజులు కూర్చోబెడితే వినేవాళ్ళకు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"నాలుగు బోల్టులు మిగిలినయి" అన్నాడు భూపాల్.

"మూడే!" అని ఆగి, "నడిమిట్ల మాట్లాడకురా" అన్నాడు సామేలు.

శిరీష ముందుకు వంగింది. "అంకుల్, మరి ప్రెషర్? పాత పంపు జోరు ఎక్కువని మామ పెట్రోలు పైపుకు ఒక రెగ్యులేటర్ పెట్టిండు. జోరు తగ్గిస్తదట."

సామేలు తొడ చరిచాడు. "తగ్గిస్తడా? గాడనే దెబ్బ తిన్నడు మీ మామ! నేను ముప్పై మూడేండ్లు బ్రేకు పైపుల ప్రెషర్ చూసినోన్ని బిడ్డా. పైపుల గాలి ఐదు కిలోలుంటెనే రైలు కదులుతది. తగ్గిందా, బ్రేకులు పట్టుకుంటయి, ఉన్నకాడనే నిలవడతది. అసొంటిది నువ్వు ప్రెషర్ తగ్గిస్తే బండి ఆగక ఏం చేస్తది? సారు బండి పంపుకు మీటర్ పెట్టి చూసిన. ఎంతున్నది? ఐదు! ఇటు గింతంత లేదు, అటు గింతంత లేదు. మా బ్రేకు పైపుకు పెద్దనాయిన కొడుకు అన్నట్టున్నది! రెగ్యులేటర్ అనేది పిరికోళ్ళ సామాను. పీకి మోరీల పడేసిన."

శిరీష ఫోన్ తీసి ఆయన వైపు పట్టుకుంది. తన గొంతు మీద గౌరవమనుకున్నాడు సామేలు. చర్చిలో మైకు ముందు నిలబడ్డట్టు కొంచెం సర్దుకుని, రెండు మెట్లు పైకెత్తాడు.

"తాళం తిప్పిన. ఉరికింది బిడ్డా బండి! ఆర్ట్స్ కాలేజ్ ముందలికెళ్ళి ఎంత స్పీడుగ పోయిందంటే, దాని నీడ మెట్ల కాడనే ఉండిపోయింది. మేము తార్నాక సిగ్నల్ కాడికి వచ్చి నిలవడ్డంక, ఐదు నిమిషాలకు రొప్పుకుంట వచ్చి టైర్ల కింద దూరింది."

"మొన్న సీతాఫల్‌మండిల కలిసింది అంటివి" అన్నాడు భూపాల్.

"అది వాపసు వచ్చేటప్పుడు. వాపసు అంటే యాదికొచ్చింది, పెట్రోలు సంగతి వినున్రి. ఎక్కువైన పెట్రోలు మళ్ళ ట్యాంకుకు పోయేటందుకు ఒక పైపు ఉంటది. ఐదు కిలోల జోరు గదా, పంపు లీటరు పంపితే ఆ పైపుల లీటరున్నర వాపసు వస్తున్నది!"

అమ్మాజీ చాయ్ వడగడుతూ ఆగింది. "ఆ అర లీటరు యాడికెళ్ళి వస్తున్నది అన్నా?"

"అదేనమ్మా ఎవలకు అర్థం గాలే! మీటర్ల పెట్రోలు ముల్లు నిండుది దాటి, గీతలు దాటి, డబ్బా అద్దం వలగ్గొట్టుకొని బయటికొచ్చింది. ట్యాంకు పొర్లుతున్నది. ఏం చెయ్యాలె? తార్నాకల ఆటోలన్ని లైన్ల పెట్టి ఒక్కొక్కని ట్యాంకు నింపిన. గీ భూపాల్‌ది గూడ నింపిన."

"నాది గ్యాసు ఆటో."

"అందుకే నీది ఇప్పటికి గూడ దగ్గుతది."

అందరూ ఘొల్లుమన్నారు. అమ్మాజీ గరిటె ఎత్తి, "నా పాల గిన్నెకు గా పైపు పెట్టరాదు అన్నా, జెర బతుకుత" అంది. సామేలు కూడా నవ్వాడు. తన అబద్ధం తనకే ముద్దొచ్చే ఘడియ ఒకటుంటుంది, ఇప్పుడదే నడుస్తోంది. ఇక్కడ ఆగాలని తెలుసు. అయినా ఛాతీలో పంపు ఆగడం లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? సీతాఫల్‌మండి స్టేషన్ కాడ రైలు నిలవడ్డది. బ్రేకు పైపుల గాలి లేదు. గార్డు మొత్తుకుంటున్నడు. నేను బండి రివర్సుల తీస్కపోయి, పంపు పైపు తీసి రైలుకు తగిలిచ్చిన. ఐదుకు ఐదు! తొమ్మిది బోగీల బ్రేకులు ఒక్కసారి ఇడిచినయి. ఇడుస్తే ఇడిచినయి, రైలు మా బండిని వదుల్తలేదు! ఇగ ఏం జేస్త, లింగంపల్లి దాక గుంజుకపోయిన. పైన మెట్రోల పోయెటోళ్ళు కిటికీలకెళ్ళి చూసి చప్పట్లు కొట్టిన్రు."

"లింగంపల్లి తొవ్వల మెట్రో యాడ కనవడ్డదన్నా?" అన్నాడు భూపాల్.

"చప్పట్లు ఇనవడ్డయి అన్న, కనవడ్డరు అన్ననా? తెల్లారి రాకెట్లు చేసెటోళ్ళు ఫోన్ చేసిన్రు. 'సామేలు గారూ, పైకి పోవాలంటే మాకు ప్రెషర్ చాలుతలేదు, ఒక్కసారి వచ్చి చూడున్రి' అని. నేను చెప్పిన, అయ్యా, అమ్మాజీ చాయ్ ఇడిచిపెట్టి ఏ లోకానికి రానని."

స్టూలు చుట్టూ నవ్వులు. భూపాల్ లేచి జేబులోంచి తాళం తీస్తూ, రోజూ అనే మాటే అన్నాడు. "ఆమేన్ అను అన్నా."

సామేలు గ్లాసు ఎత్తాడు. "చాయ్ చల్ల..."

"చాలా థాంక్స్ అంకుల్!" అంది శిరీష. ఆమె నవ్వడం లేదు. కళ్ళలో మెరుపు. "మీరు చెప్తున్నకొద్ది రికార్డ్ చేసి, ముక్కలు ముక్కలుగ మామకు పంపిన. చూడున్రి, ఏం పెట్టిండో. 'అంత ధైర్యంగ చెప్తున్నడంటే పెద్దాయనకు తెలిసే ఉంటది. రెగ్యులేటర్ తీసేస్తున్న. పైపు డైరెక్టుగ బిగించి స్టార్ట్ చేస్త' అన్నడు."

గ్లాసు సామేలు పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఇన్నేళ్ళలో ఆయన రకరకాల వినేవాళ్ళను చూశాడు. నవ్వేవాళ్ళు, గిల్లేవాళ్ళు, ఆవలించేవాళ్ళు, సగంలో లేచిపోయేవాళ్ళు. నమ్మే మనిషి మాత్రం ఇదే మొదటిసారి.

"ఫోన్ చెయ్యి బిడ్డా. తాళం తిప్పొద్దని చెప్పు. జల్ది!"

"ఏమైంది అంకుల్?"

"ముందుగాల చెయ్యి!"

రింగు పోతోంది. ఎత్తడం లేదు. "చేతులకు గ్రీజు ఉంటే ఎత్తడు" అంది శిరీష. మళ్ళీ చేసింది. అమ్మాజీ స్టవ్ తగ్గించింది. సామేలు కళ్ళు మూసుకున్నాడు. ప్రభువా, నన్ను ఎవరైనా నమ్మాలని ఎన్నిసార్లు అడిగిన! ఈ ఒక్కసారి నమ్మకుంట చెయ్యి తండ్రీ.

"హలో?"

సామేలు ఫోన్ లాక్కున్నాడు. "తమ్మీ, తాళం తిప్పినవా?"

"ఇంకా లేదన్నా. పైపు బిగిస్తున్న."

"ఆపు. చెయ్యి తీసెయ్యి. నేను చెప్పింది అబద్ధం."

అవతల పానా కింద పెట్టిన చప్పుడైంది. "ఏదన్నా? నీడదా, రైలుదా?"

"అన్ని! అన్నిట్ల పెద్దది రెగ్యులేటర్‌ది."

"మరి అంత గొంతుతోని చెప్తివి గదన్నా?"

"గొంతు దేవుడిచ్చింది తమ్మీ. మాటలే నాయి."

ఎవరూ నవ్వలేదు. సామేలు స్పీకరు పెట్టించి ఫోన్‌ను స్టూలు మీద పెట్టాడు. తాను నిలబడే ఉన్నాడు.

"విను. సారు బండి ఏ సిగ్నల్ దాక పోలే. ముప్పై గజాలు పోయింది. కార్బురేటర్ గిన్నెల చిన్న ముల్లు ఉంటది. గిన్నె నిండంగనే పెట్రోలును ఆపుతది. దానికి పావు కిలో ప్రెషర్ గూడ ఎక్కువే. నేను మీటర్ల ఐదు చూసి, మన బ్రేకు పైపు లెక్కనే ఉన్నదని సంబురపడి, పాత పంపును అట్లనే వదిలిన. రెగ్యులేటర్ పీకుడు కాదు, అసలు పెట్టనే లేదు. అది ఒకటుంటదని గూడ అప్పుడు నాకు తెల్వకుండె. రెండు గిన్నెలు పొంగి, పెట్రోలంత వేడి ఇంజను మీద పడి భగ్గుమన్నది. సారును నేను గుంజిన అని చెప్పుకుంట గనీ, నేను భయంతోని బిగుసుకపోతే ఆయనే నన్ను బయటికి గుంజిండు. తోటమాలి సమ్మయ్య పూలకుండీలు బోర్లించి, మట్టి పోసి ఆర్పిండు. సారు మీసం సగం కాలింది. ఆయన నన్ను ఒక్క మాట తిట్టలే. 'సామేలూ, ఇది రైలు కాదయ్యా' అన్నడు. అంతే. ఆ మాట మర్చిపోయేటందుకే బిడ్డా ఇన్ని రైళ్ళు గుంజుతున్న."

అమ్మాజీ కొంగుతో మూతి ఒత్తుకుంది. భూపాల్ తాళం జేబులో పెట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"రెగ్యులేటర్ మళ్ళ పెట్టు తమ్మీ. నీ బండి ఆగేది దానితోని కాదు. పొద్దుగాల నడిపినవా?"

"ఇప్పుడే అన్నా. తార్నాక దాక పోయి ఆగింది. జరంత నిలవెట్టి వాపసు తెచ్చిన. ఇంటి ముందలికి రాంగనే మళ్ళ ఆగింది."

"ట్యాంకు మూత తియ్యి. మెల్లగ. ఏమన్న సప్పుడైతదా చెప్పు."

అడుగుల చప్పుడు. మూత తిరిగిన కిర్రు. తర్వాత ఫోన్‌లోనే వినబడింది, సుయ్యిమని, పొడుగ్గా, లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు.

"అన్నా! గుంజుకున్నది!"

"మూతకు గాలి పోయే బొక్క ఉంటది, అది మూసుకపోయింది. పెట్రోలు పోయినకొద్ది లోపలికి గాలి రాకుంటే పంపు ఏం గుంజుతది పాపం? సూదితోని గెలికి సాఫ్ చెయ్యి. సోమవారం నాన్నను కూసోబెట్టేటందుకు ముందు, ఇయ్యాల రేపు పది కిలోమీటర్లు నువ్వు ఒక్కనివే నడిపి చూడు. పైపు జాయింట్లు చేతితోని తడిమి చూడు, తడి తగిలితే స్టార్ట్ చెయ్యకు."

ఊపిరి పీల్చి, నెత్తి మీది టోపీ తీసి, చర్చిలో చివరి మాట అన్నట్టే మెత్తగా అన్నాడు. "ఆమేన్."

భూపాల్ నోరు తెరిచాడు. అమ్మాజీ స్టవ్ మీద పాలు పొంగాయి. శిరీషకు మాత్రం ఏం జరిగిందో తెలియలేదు. కళ్ళు తుడుచుకుని ఫోన్ అందుకుంది. "మామా, అంతా విన్నవా? గుర్తుంటదా?"

"రాసుకున్న. రెగ్యులేటర్ పెట్టుడు. మూత బొక్క సాఫ్ చేసుడు. జాయింట్లు చూసుడు. గా లాస్టుకు చెప్పింది ఒక్కటి నా దగ్గర లేదు. ఏందది, ఆమేన్? రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాన్లల దొరుకుతదా అన్నా?"

భూపాల్ ఫోన్ మీదికి వంగాడు.

"దొరకదన్నా. ఈయన దగ్గర ఒక్కటే పీసు ఉన్నది. దాన్ని గూడ బయటికి తీసుడు ఇయ్యాలనే చూసినం."