కుడి సిలువ

మానవజాతి సమస్తమూ యేసుకు కుడిఎడమల సిలువ వేసిన ఆ ఇద్దరు దొంగల సంతానమే. పంజగుట్ట చర్చి గుడ్ ఫ్రైడే మూగ ప్రదర్శనలో ఎవరు ఏ దొంగో నిర్ణయించే సంఘపెద్దను, మూడేళ్లుగా ఎడమ సిలువ మీద వేలాడుతున్న లాజరస్ అమీర్‌పేటలో పట్టుకున్నాడు.

“అన్నా, ఈసారి కుడి సిలువ నాకియ్యి. పిల్లనియ్యాలా వద్దా అని డయానా వాళ్ల నాయిన చూడనీకి వస్తుండు.”

“ఐగుప్తు తొవ్వల పసి యేసును దోచుకోబోయినోడు ఎడమ దొంగ, అడ్డుపడి, ఆఖరికి యేసుతోని పరదైసుకు, అంటే స్వర్గానికి, పోయినోడు కుడి దొంగ అంటరు. గా వేషం మా అల్లునిది.”

“దొంగ ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌తో సాఫ్ట్‌వేర్ నౌకరి కొట్టినోడా పుణ్యాత్ముడు?”

పెద్దాయన చుట్టూ చూశాడు. “జర మెల్లగ మాట్లాడు. సరే, కుడి సిలువ నీకే.”

లాజరస్‌కు పెళ్లి కుదిరినట్టే అనిపించింది.

“ఒక్క మాట తమ్మీ. బెంచీల మీద కూసున్నోళ్లకు మన కుడి ఎడమైతది. మూడేండ్ల సంది జనం నిన్నే పరదైసుకు పోయినోడనుకుంటున్నరు.”