మాడ్రిడ్ నుంచి లిస్బన్ పావుగంట

ఆగు అంజీ, ఏజెంట్‌కు మెసేజ్ పెట్టకు. లిస్బన్ కెల్లి మాడ్రిడ్‌కు పొద్దుగాల ఏడింటి విమానమా, పదిన్నరదా అని గంత పరేషాన్ ఎందుకురా? లిస్బన్ల దిగుతవ్, రాత్రి పంటవ్, తెల్లారి మాడ్రిడ్ల పన్నెండింటికి నీ వెల్డింగ్ టెస్ట్. గంతే గదా? పదిన్నరదే తీస్కో. నిమ్మళంగ చాయ్ తాగి పో. నేను పోయొచ్చినోన్ని, నా మాటిను.

"నువ్వెప్పుడు పోయినవే రాజలింగం?"

సనావుల్లా, నువ్వు ఈ అరబ్ దేశంల కంపెనీ బండి తోలుకుంట ముసఫ్ఫా గల్లీలల్ల తిరిగెటోనివి, నీకేం ఎర్క? పోయినేడు మా మేనేజర్, ముదీర్ సాబ్ నన్ను ఎంట తీస్కపోయిండు. "మాడ్రిడ్ల నా దోస్తు ఇంట్ల ఏసీ సల్లగయితలేదు, నీ అసొంటి మెకానిక్ యూరప్ల దొరకడు" అన్నడు. పోయిన, ఫిల్టర్ కడిగిన, ఖలాస్. ఆడికెల్లి లిస్బన్ పోవాలె. ఐదు వందల కిలోమీటర్లు. పదింటికి లేసింది విమానం. దిగింది ఎన్నింటికో తెలుసా? పదింబావుకు! నా కండ్లతోని జూసిన.

"పావుగంటల్నా? అన్నా, టెస్ట్‌కు లేటయితే లోపటికే రానియ్యరట. ఈడ వీసా క్యాన్సిల్ చేయించుకొని పోతున్న. ఆడ కాకపోతే నాకు ఈడ లేదు, ఆడ లేదు."

అరే అంజీ, అందుకే చెప్తున్న. ఆ పావుగంటైనా ఎందుకయిందంటవ్? నడుమల ఏసీ ఆగింది. పైలట్‌కు ఒకటే చెమటలు. నన్ను ముందటికి పిలిచిండు. మూత ఇప్పితే గ్యాస్ లేదు. నా జేబుల సిలిండర్ ఉండనే ఉండె, నింపిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి గంత జోరుగ కొట్టె, విమానం దాంతోనే ఉరుకవట్టె! బ్రేక్ తొక్కుమని నేను మొత్తుకోకుంటె సీదా సముద్రంలనే పడుదుము.

"మరి వాపస్, అన్నా?"

వాపస్ గదా అసలు ముచ్చట! మాడ్రిడ్ల ఆగనే లేదు, దునియా సుట్టు తిరిగి మళ్ల లిస్బన్ మీదికే వచ్చె. కిటికీలకెల్లి కిందికి జూస్తే, ఎక్కే లైన్ల నేనే నిలవడి ఉన్న! లేవకముందే వచ్చినమన్నట్టు... ఏందే సనావుల్లా, గా నవ్వుడేంది?

"ఇంటికి ఫోన్ కొట్టేముందు గంటన్నర కలుపుకుంటం గదనే, ఆడ గూడ గంతే. మాడ్రిడ్ గడియారం లిస్బన్ కంటె గంట ముందటుంటది. విమానం గంటంబావు పోతది. లిస్బన్ దిక్కొస్తే గంట కలిసొచ్చి పావుగంట లెక్క కనవడతది. మాడ్రిడ్ దిక్కు పోతే ఆ గంట కరుసయితది. అంజిగాడు పదిన్నరకు ఎక్కితే దిగేది పావు తక్కువ ఒంటిగంటకు. అప్పటికి టెస్ట్ షురువై గేటు మూస్తరు."

ఎహె, గడియారాల సంగతి నాకెందుకు? పదింబావు అని నా కండ్లతోని...

"జూసినవ్. ముదీర్ టికెట్ మీద జూసినవ్. ఆ దినం బండి తోలింది నేనే గదా. ఎయిర్‌పోర్ట్ల ఆయన పెట్టెలు నువ్వు మోసినంక, మనిద్దరం వాపసొచ్చి ఈ హోటల్లనే పరోటా తిన్నం."

పరోటా మాత్రం మంచిగుండె ఆ దినం. ఏమంటవ్ అంజీ?

"నిన్ను నమ్మితి గదనే రాజలింగన్నా. ఇంకొక్క నిమిషమైతే పదిన్నరకే బటన్ ఒత్తుదును. పాణం పోయినంత పనాయె. ఇగో, ఏడింటిదే పెట్టిన. నాకు గూడ రెండు పెట్టెలున్నయి, ఎయిర్‌పోర్ట్ దాకా మోస్తవా?"