విశాఖ వెళ్లిన మూడేనుగులు

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ పక్కన టీ బండి దగ్గర ఐజాక్ గొంతు సవరించుకున్నాడంటే పని ఉన్నవాళ్లు కూడా కాసేపు ఆగుతారు. ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరైన మనిషి. బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని పోగేసుకున్న మాటలన్నీ ఇప్పుడు తీరిగ్గా బయటికి తీస్తుంటాడు.

ఆ ఆదివారం మాత్రం ఆయనకు కోతలు కోయాల్సిన అవసరం నిజంగానే వచ్చిపడింది. టీ బండి వెనక మేడ మీద విష్ణువర్ధన్ నడిపే క్లబ్బులో పాతకాలపు యుద్ధాలు ఆడతారు. పెద్ద బల్ల, దాని మీద అట్ట కొండలు, చిటికెన వేలంత సీసం సైనికులు, పాచికలు. వాటిలో మూడు యుద్ధపుటేనుగులు కూడా ఉన్నాయి, ఒక్కోటి బొటనవేలంత. వచ్చే వారం బెంగళూరు జట్టు వస్తోంది. ఏనుగులను ఎవరు నడపాలో టీ తాగి లేచేలోగా తేల్చేస్తానన్నాడు విష్ణు. ఐజాక్‌ను ఎనిమిది నెలలుగా విలుకాళ్ల బొమ్మల దగ్గరే కూర్చోబెట్టారు. ఆయనకు ఏనుగులు కావాలి. పొద్దున చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకున్నా తొండాలే కనిపించాయంటే ఎంత ఆశో చూడండి.

వినేవాళ్లు ముగ్గురు. ఒకడు విష్ణు. ఇంకొకరు బొమ్మలకు రంగులేసే వసుధ, అల్వాల్‌లో డ్రాయింగ్ టీచరు. మూడోవాడు యేసురాజు, మౌలాలిలో ఐజాక్ ఉండే కాలనీవాడే, సొరకాయల సంచీతో అటుగా పోతూ దొరికిపోయాడు. ఈ ఆట సంగతి అతనికి బొత్తిగా తెలియదు. కోతలరాయుడికి అలాంటి శ్రోత దొరకడం అదృష్టమే.

“పోయిన వానాకాలం వైజాగ్ మ్యాచ్‌కు వీళ్లెవ్వరికీ సెలవు దొరకలే తమ్మీ,” అని షురూ చేశాడు ఐజాక్. “సైన్యం మొత్తం అట్టపెట్టెల పెట్టుకొని నేనొక్కడినే పోయిన. ఎడమదిక్కు మూడేనుగులను నిలబెట్టిన. అవతలోడు గుర్రాలను తోలిండు. ఏనుగు వాసనకు గుర్రం నిలుస్తదా? బెదిరినయ్. అంతే, పెద్ద గొప్పేం లే.”

అంతవరకూ నిజమే. అక్కడ ఆపి ఉంటే ఆయనకూ బాగుండేది. కానీ యేసురాజు సంచీ కింద పెట్టి, మరి ఏనుగులకు దెబ్బ తగల్లేదా అని అడిగాడు.

తగిలిందట. దెబ్బతిన్న ఏనుగు ఇక మావటి మాట వినదు, పాచిక ఎటు చూపిస్తే అటు పరుగెత్తుతుంది. ఆటలో అదే రూలు. నడిమి ఏనుగుకు ఈటెలు తగిలాయి, పాచిక వేశారు.

“ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?” అంటూ ఐజాక్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చేతులు రెండూ ఖాళీగా ఉంటే గానీ ఆయనకు తర్వాతి ముక్క రాదు.

తొక్కుకుంటూ పోయిందట. మొదట పన్నెండు మందిని తొక్కింది. చెబుతుంటే పన్నెండు తక్కువనిపించిందేమో, ఒక గుక్క తాగేసరికి నలభై అయ్యారు. బల్ల ఊగింది, కొండ జారి నదిలో పడింది. అంతలో హాల్లో కరెంటు పోయింది. పోయినా పైన ఫ్యాను ఆగలేదట.

“ఎట్ల తిరుగుతదే కరెంటు లేకుంటే?” అన్నాడు యేసురాజు.

“చెవులు తమ్మీ. దాని చెవుల గాలికి.”

“బొటనవేలంత ఏనుగంటివి గదన్నా?”

“పెట్టెలకెళ్లి తీసినప్పుడు బొటనవేలంతనే. కోపమొస్తే పెరుగదా?”

విష్ణు గ్లాసులోకి చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఐజాక్‌కు ఏనుగులు సగం తన చేతికొచ్చినట్టే అనిపించింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఏనుగు బల్ల దిగింది, మెట్లు దిగింది, బీచ్ రోడ్డెక్కింది. అక్కడ నిలబడి ఘీంకరిస్తే రేవులోకి వస్తున్న ఓడ ఒకటి, ముందు ఇంకో ఓడేదో ఉందనుకుని పక్కకు జరిగి దారిచ్చిందట. ఊరంతా పరేషాన్. అప్పుడు ఐజాక్ ఏం చేశాడు?

“జేబులకెళ్లి ఎర్రజెండా తీసిన. రిటైరైనా నాతోనే ఉంటది అది. ఒక్కసారి ఊపిన, టక్కున ఆగింది. పచ్చజెండా ఊపిన, రివర్సుల మెట్లెక్కింది. ముప్పై నాలుగేండ్ల సర్వీసు ఊకెనే పోతదా?”

చెబుతుంటే ఆయన ఒళ్లు ఆయనకే పులకరించింది. ఆ మెట్లు, ఆ తొండం, ఆ ఎర్రజెండా నిజంగా చూసినట్టే ఉంది.

“వచ్చి మళ్ల బల్లెక్కింది. మిగిలినోళ్లను సుత వదల్లే. పసుపు డాళ్లు, డాలు నడుమల ఎర్ర బొట్టు. ఒక్కో బొట్టు మీద చూసి చూసి కాలు పెట్టింది. ఒక్కడు మిగిల్తే ఒట్టు.”

వసుధ బిస్కెట్ టీలో ముంచబోతూ ఆగింది.

“పసుపు డాళ్లా అంకుల్?”

“పసుపే బిడ్డా. కండ్లారా చూసిన గద.”

“అవి మనోళ్లయి అంకుల్. ఆ బొట్లు నేనే పెట్టిన, సూది మొనతోటి.”

ఆట సంగతేమీ తెలియని యేసురాజుకే విషయం ముందు అర్థమైంది. నవ్వాపుకోలేక పక్కకు తిరిగి సొరకాయలు సర్దుకున్నాడు.

“గెలిచినమని ఫోన్ చేస్తిరి గద అంకుల్?” అన్నాడు విష్ణు.

“మన ఏనుగును ఎవ్వరూ ఆపలేకపోయిండ్రని చెప్పిన. గెలిచినమని నేనెప్పుడన్న?”

అన్నాడే గానీ ఐజాక్ ముఖం చిన్నబోయింది. మళ్లీ విలుకాళ్లే గతి అనుకున్నాడు. మనసు చివుక్కుమంది. ఖాళీ గ్లాసునే ఇంకోసారి ఎత్తి తాగాడు.

విష్ణు ఫోను తీసి చూపించాడు. బెంగళూరు వాళ్లలో ఒకతనికి జ్వరమట, ఆ రోజుకు మీ మనిషినొకరిని సాయం ఇవ్వండని రాశారు.

“మీరు మన ఏనుగులను తీసుకొని వాళ్ల దిక్కు ఆడుండ్రి అంకుల్. ఏనుగులు ఎవరి దిక్కుంటే వాళ్లకే గండం గద.”

వసుధ నవ్వు దాచుకోలేదు. ఐజాక్ మాత్రం నవ్వలేదు. ఏదో లెక్క తేలని వాడిలా కాసేపు విష్ణు వైపే చూశాడు.

“ఏనుగులు ఎన్ని?”

“మూడుకు మూడు మీకే.”

ఐజాక్ నిటారుగా కూర్చున్నాడు, చొక్కా కాలరు సర్దుకున్నాడు, అందరికీ ఇంకో టీ చెప్పాడు. తర్వాత యేసురాజు భుజం మీద చెయ్యి వేశాడు.

“చూసినవా తమ్మీ,” అన్నాడు, “బెంగళూరోళ్లు గింత దూరమొచ్చి నన్నే కావాలని అడిగిండ్రు.”